లెస్టర్ ఈస్ట్‌లో 2024లో లేబర్ ఎందుకు ఓడింది? 1983 ఫలితంతో పోల్చి చూడండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "లెస్టర్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. 2024 జూలైలో బ్రిటన్ అంతటా లేబర్ ఊడ్చేసింది కదా, 37 ఏళ్ల కంచుకోట లెస్టర్ ఈస్ట్‌లో మాత్రం కన్జర్వేటివ్‌లు ఎలా గెలిచారు? హిందువులంతా అటు మళ్లారు, అంతకుమించి ఏమీ లేదని మా రూమ్మేట్ అంటాడు. నిజమేనా? ఇంకో మాట, మనలాంటి వాళ్లకి ఇక్కడ ఓటుందా?"

మీ రూమ్మేట్ చెప్పిందాంట్లో సగం నిజముంది. ఆ సగం కూడా 2024కి కాదు, 2019కి సరిపోతుంది. 2024లో కన్జర్వేటివ్‌లు ఓట్లు పెంచుకుని గెలవలేదు. 2019లో ఓడిపోయినప్పటికంటే నాలుగున్నర వేల ఓట్లు తక్కువ తెచ్చుకుని గెలిచారు. లేబర్ ఇల్లు మూడు వాటాలైంది, వీళ్లు ముందుకొచ్చారు. ఈ సీటులో ఇలా జరగడం మొదటిసారీ కాదు. రెండో ప్రశ్నకి జవాబు: ఉంది, కింద చెప్తాను.

నా సంగతి ముందే చెప్పేస్తాను. లెస్టర్‌కి వచ్చి 22 ఏళ్లు దాటింది. అకౌంట్స్ ఉద్యోగం. పోలింగ్ రోజు మాత్రం సెలవు పెట్టి పోలింగ్ స్టేషన్‌లో క్లర్క్‌గా కూర్చుంటాను, అంటే లిస్టులో పేరు చూసి గీత గీసి బ్యాలెట్ చేతికిచ్చే పని. ఎవరు ఎవరికి వేశారో మాకు తెలియదు, తెలిసినా చెప్పకూడదు. కాబట్టి ఇక్కడ రాసేది అందరికీ అందుబాటులో ఉన్న ఫలితాలూ, వీధిలో నేను విన్న మాటలూ మాత్రమే.

ముందు లెక్కలు. 2024 జూలై 4 ఫలితం ఇది. శివానీ రాజా (కన్జర్వేటివ్) 14,526. రాజేష్ అగర్వాల్ (లేబర్) 10,100. లిబరల్ డెమోక్రాట్ జుఫర్ హక్ 6,329. క్లాడియా వెబ్ (ఇండిపెండెంట్) 5,532. కీత్ వాజ్ ('వన్ లెస్టర్' అనే సొంత పార్టీ) 3,681. తర్వాత రిఫార్మ్, గ్రీన్ వగైరా. మెజారిటీ 4,426. దేశం మొత్తం మీద ఆ ఎన్నికలో లేబర్ చేతిలోంచి కన్జర్వేటివ్‌లు లాక్కున్న సీటు ఇదొక్కటే.

ఆ వరసలో వెబ్, వాజ్ ఎవరో తెలిస్తే కథ సగం అర్థమవుతుంది. వాజ్ 1987 నుంచి 2019 దాకా ఇక్కడ లేబర్ ఎంపీ. వెబ్ 2019లో లేబర్ టికెట్ మీదే గెలిచిన ఎంపీ. అంటే ఒకే బ్యాలెట్ పేపర్ మీద ముగ్గురు 'లేబర్' మనుషులు: ఇప్పటి అభ్యర్థి, నిన్నటి ఎంపీ, మొన్నటి ఎంపీ. మన వైపు రెబల్స్ బెడద అంటామే, ఆ జబ్బే, కాకపోతే డబుల్ డోసు. పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో ఉంటాయి కాబట్టి అగర్వాల్ పైన ఎక్కడో, వాజ్, వెబ్ చివర్లో పక్కపక్కనే ఉన్నారు. మా వీధిలో ఒక ఇంటి మేడమీద కిటికీలో వాజ్ పోస్టర్, అదే ఇంటి ముందు తోటలో శివానీ రాజా బోర్డు. తండ్రీ కొడుకూ మాట్లాడుకుంటున్నారో లేదో గానీ కారు మాత్రం ఒకటే వాడేవారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. "లేబర్, వెబ్, వాజ్ ఓట్లు కలిపితే 19,313. శివానీకి 14,526. కాబట్టి చీలిక లేకపోతే లేబర్ గెలిచేది" అని చాలామంది తేల్చేస్తారు. అంత సులువు కాదు. వాజ్, వెబ్ ఇద్దరికీ కలిపి 9,213 పడ్డాయి. వాళ్లిద్దరూ లేకపోతే ఆ ఓటర్లంతా లేబర్‌కో కన్జర్వేటివ్‌కో వేస్తారనుకుందాం. లేబర్ గట్టెక్కాలంటే అందులో 6,820 ఓట్లు అటు పడాలి, అంటే నలుగురిలో దాదాపు ముగ్గురు. వెబ్ ఓటర్ల విషయంలో అది నమ్మొచ్చు. వాజ్ ఓటర్లలో పార్టీ మీద అలిగి వచ్చినవాళ్లు ఎక్కువ, వాళ్లంతా తిరిగి అదే పార్టీకి వేసేవారని నేననుకోను. కొందరు ఇంట్లోనే కూర్చునేవారు.

పైగా 2019లో లేబర్‌కి ఒక్కదానికే 25,090 వచ్చాయి. 2024లో మూడు వాటాలూ కలిపినా 19,313. అంటే చీలికకి ముందే దాదాపు 5,800 ఓట్లు ఎటో పోయాయి. కొన్ని లిబ్‌డెమ్‌లకి వెళ్లాయి. గాజా విషయంలో లేబర్ మీద ఆ ఏడాది ముస్లిం ఓటర్లలో ఉన్న కోపం తెలిసిందే. పక్క సీటు లెస్టర్ సౌత్‌లో షాకత్ ఆడమ్ అనే ఇండిపెండెంట్, లేబర్ పెద్ద నాయకుడు జొనాథన్ ఆష్‌వర్త్‌ని 979 ఓట్ల తేడాతో ఓడించింది అదే రాత్రి. మిగిలినవాళ్లు అసలు రాలేదు. ఆ రోజు మా టేబుల్ దగ్గర మధ్యాహ్నం రెండు గంటల సేపు నేనూ నా పక్కావిడా క్రాస్‌వర్డ్ నింపుకున్నాం.

ఇక 1983కి వద్దాం. నాకు ఈ సీటు మీద పిచ్చి పట్టింది ఆ ఫలితం చూశాకే.

అప్పటి ఎంపీ టామ్ బ్రాడ్లీ. రైల్వే గుమస్తాల యూనియన్ నాయకుడు, లేబర్ పెద్దల్లో ఒకరైన రాయ్ జెంకిన్స్‌కి బాగా దగ్గరి మనిషి. 1962 ఉప ఎన్నికలో లెస్టర్ నార్త్ ఈస్ట్ నుంచి గెలిచి, 1974లో సీట్లు మళ్లీ గీసినప్పుడు కొత్త లెస్టర్ ఈస్ట్‌కి మారాడు. 1981లో జెంకిన్స్ లేబర్‌ని వదిలి సోషల్ డెమోక్రటిక్ పార్టీ పెడితే ఈయనా వెంట వెళ్లాడు. 1983లో ఆ పార్టీ తరఫున నిలబడ్డాడు. లేబర్ టికెట్ పట్రీషియా హ్యూయిట్‌కి ఇచ్చారు. ఫలితం: కన్జర్వేటివ్ పీటర్ బ్రూన్‌వెల్స్ 19,117, హ్యూయిట్ 18,184, బ్రాడ్లీకి పది వేల పైచిలుకు. తేడా 933. మాజీ లేబర్ ఎంపీ సొంత జెండాతో నిలబడ్డాడు, లేబర్ ఓటు చీలింది, కన్జర్వేటివ్ దాటిపోయాడు. 2024కి రిహార్సల్ అనొచ్చు.

ఇంకా ఆసక్తికరమైనది నాలుగేళ్ల తర్వాతిది. 1987లో బ్రూన్‌వెల్స్‌కి 22,150 వచ్చాయి. ముందుకంటే మూడు వేలు ఎక్కువ. అయినా ఓడిపోయాడు, ఎందుకంటే బ్రాడ్లీ లేడు, కీత్ వాజ్‌కి 24,074 పడ్డాయి. ఈ రెండింటినీ 2024తో పోల్చి చూడండి. ఇక్కడ కన్జర్వేటివ్ ఓట్లు పెరిగిన ఏడాది ఓడారు, తగ్గిన ఏడాది గెలిచారు. ఈ సీటు తాళం కన్జర్వేటివ్‌ల చేతిలో లేదు. లేబర్ ఒక్కటిగా ఉందా, చీలిందా అన్నదే చూసుకోవాలి.

ఒక తేడా మాత్రం ఉంది. 1983లో థాచర్ గాలి దేశమంతా వీచింది, కాబట్టి గెలుపు వింత కాదు. 2024లో గాలి పూర్తిగా ఎదురు. ఆ తేడా దగ్గరే మీ రూమ్మేట్ మాటకి కొంత బలం వస్తుంది. అక్కడికి వస్తాను.

అంతకుముందు కథ తొందరగా చెప్పేస్తాను. ఈ సీటు 1918లో పుట్టింది. మొదటి ఎంపీ గోర్డన్ హ్యూవర్ట్, లిబరల్. 1922లో ఆయన్ని ఇంగ్లండ్ ప్రధాన న్యాయమూర్తిగా వేశారు. "న్యాయం జరగడమే కాదు, జరిగినట్టు కనిపించాలి" అని మన లాయర్లు కూడా తరచూ చెప్పే మాట ఈయన తీర్పులోదే. ఆ ఖాళీకి జరిగిన ఉప ఎన్నికలో లేబర్ అభ్యర్థి జార్జ్ బాంటన్ గెలిచాడు, అదే ఏడాది చివర్లో ఓడాడు, 1923లో మళ్లీ గెలిచాడు, 1924లో మళ్లీ ఓడాడు. పాపం ఆయన సామాను పెట్టె విప్పే టైమ్ కూడా ఉండి ఉండదు. 1929లో లేబర్, 1931లో కన్జర్వేటివ్, 1945లో మళ్లీ లేబర్. 1950లో సీటే రద్దయింది, 1974 ఫిబ్రవరిలో మళ్లీ వచ్చింది. అంటే 'కంచుకోట' అనే మాట 1987 తర్వాతి కాలానికే వర్తిస్తుంది. పాత లెస్టర్ ఈస్ట్ ఎటు గాలి వీస్తే అటు ఊగే సీటు.

కోట ఎలా కట్టారన్నది అసలు విషయం. 1972 ఆగస్టులో ఉగాండాలో ఇదీ అమీన్ ఆసియా వాళ్లందరినీ 90 రోజుల్లో దేశం వదలమన్నాడు. దాదాపు 28,000 మంది బ్రిటన్ వచ్చారు, వాళ్లలో చాలామందికి లెస్టర్‌లో చుట్టాలున్నారు. లెస్టర్ కౌన్సిల్ భయపడి "మా ఊరికి రావద్దు, ఇళ్లు లేవు, స్కూళ్లలో చోటు లేదు" అని ఉగాండా పత్రికలో ప్రకటన వేయించింది. ఆ ప్రకటన చూశాకే లెస్టర్ అనే ఊరుందని తెలిసి వచ్చామని చెప్పే పెద్దవాళ్లు బెల్‌గ్రేవ్ రోడ్డు మీద ఇప్పటికీ తగులుతారు. వాళ్లు మేజోళ్ల మిల్లుల్లో, బూట్ల ఫ్యాక్టరీల్లో, టైప్‌రైటర్ల కంపెనీలో చేరారు. 1976 కౌన్సిల్ ఎన్నికల్లో నేషనల్ ఫ్రంట్‌కి ఈ ఊళ్లో 18 శాతం దాకా ఓట్లు పడ్డాయి. వలసవాళ్లని వెనక్కి పంపాలనేదే ఆ పార్టీ పాట. అలాంటి రోజుల్లో ఉగాండా నుంచి వచ్చిన గుజరాతీ కుటుంబాలకి లేబర్ ఓటు సిద్ధాంతం కాదు, గొడుగు.

ఆ గొడుగు పట్టుకున్న మనిషి కీత్ వాజ్. యెమెన్‌లోని ఏడెన్‌లో పుట్టిన గోవా కుటుంబం. లాయర్‌గా ఇక్కడి హైఫీల్డ్స్, బెల్‌గ్రేవ్ లా సెంటర్‌లో పనిచేస్తూ టికెట్ సంపాదించాడు. 1987లో ఆయన గెలుపు దేశంలోనే పెద్ద వార్త. 1929 తర్వాత పార్లమెంటులో అడుగుపెట్టిన మొదటి ఆసియా మూలాల ఎంపీ. అదే రోజు నల్లజాతి అభ్యర్థులు డయాన్ ఎబట్, పాల్ బోటెంగ్, బర్నీ గ్రాంట్ కూడా గెలిచారు. తర్వాత మెజారిటీలు చూడండి: 1987లో 1,924. 1992లో 11,316. 1997లో 18,422. 2017లో 22,428, అదీ 67 శాతం ఓట్లతో.

ఆయన గురించి ఎన్ని విమర్శలున్నా, వీసా కాగితం పట్టుకుని వెళ్తే పని జరుగుతుందనే నమ్మకం ఊళ్లో ఉండేది. గుళ్లో, మసీదులో, గురుద్వారాలో, చర్చిలో ఆయన లేని ఫంక్షన్ నేను చూడలేదు. మా తెలుగువాళ్ల ఉగాదికి కూడా ఒకసారి వచ్చి పచ్చడి తిని ముఖం చిట్లించి, "చాలా బాగుంది" అన్నాడు. ఆ ఓటు లేబర్‌ది అని పార్టీ అనుకుంది. చాలా భాగం మనిషిది. మనిషి పోతే ఏమవుతుందో 2019లో తెలిసింది.

2019లో మూడు ఒకేసారి జరిగాయి. ఆగస్టులో భారత ప్రభుత్వం 370 అధికరణం తీసేసింది. సెప్టెంబరులో లేబర్ మహాసభ కశ్మీర్ మీద తీర్మానం చేసింది. దాని మీద భారతీయ ఓటర్లలో పెద్ద దుమారం, వాట్సాప్‌లో రోజూ అదే గోల. అక్టోబరు 31న ఎంపీల ప్రవర్తనా నియమావళి ఉల్లంఘన కేసులో కామన్స్ సభ వాజ్‌ని ఆరు నెలలు సస్పెండ్ చేసింది, ఆయన తప్పుకున్నాడు. ఎన్నిక నెల రోజులుందనగా పార్టీ క్లాడియా వెబ్‌కి టికెట్ ఇచ్చింది. ఆవిడ లండన్‌లోని ఇస్లింగ్టన్ కౌన్సిలర్. స్థానికులెవరికీ దక్కలేదన్న కోపం ఒకటి అదనం. 22,428 మెజారిటీ 6,019కి పడింది. కన్జర్వేటివ్ ఓట్లు 12,688 నుంచి 19,071కి ఎగబాకాయి.

మీ రూమ్మేట్ చెప్పే మళ్లింపు ఇదే. జరిగింది 2019లో. అప్పటికీ సీటు లేబర్‌దే, ఎందుకంటే పార్టీ ఇంకా ఒక్క ముక్కగానే ఉంది.

తర్వాత ఐదేళ్లూ లేబర్‌కి దెబ్బ మీద దెబ్బ. వేధింపు కేసులో 2021లో వెబ్‌కి శిక్ష పడింది, పార్టీ బహిష్కరించింది. అప్పీలులో నేరం నిలబడినా శిక్ష తగ్గింది, దాంతో రీకాల్ (ఎంపీని మధ్యలోనే దించే) ఎన్నిక ప్రశ్న లేకుండా పోయింది. ఆవిడ 2024 దాకా ఇండిపెండెంట్‌గా కొనసాగారు. 2022 ఆగస్టు చివర్లో ఆసియా కప్‌లో భారత్, పాకిస్తాన్ మ్యాచ్ తర్వాత మొదలైన గొడవలు సెప్టెంబరుకి వీధుల్లోకొచ్చాయి. ఆ నెల మా వాళ్లు రాత్రి ఎనిమిది దాటితే బయటికి రాలేదు, నిజంగా టెన్షన్ పడ్డాం. తర్వాత నెలలోనే నార్త్ ఎవింగ్టన్ వార్డు ఉప ఎన్నిక కన్జర్వేటివ్‌లు గెలిచారు.

2023 కౌన్సిల్ ఎన్నికల ముందు లేబర్ పైనాయకత్వం అభ్యర్థుల ఎంపికని తన చేతిలోకి తీసుకుని 19 మంది సిట్టింగ్ కౌన్సిలర్లకి టికెట్ ఇవ్వలేదు. ఇది నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద తప్పు. ఒక కౌన్సిలర్ అంటే ఒక ఓటు కాదు. పెళ్లిళ్లకి పిలిచే నాలుగు వందల ఇళ్లు, కరపత్రాలు పంచే మేనల్లుళ్లు, వానలో కారులో ముసలివాళ్లని పోలింగ్‌కి తీసుకొచ్చే మనుషులు. వాళ్లలో కొందరు ఇంట్లో కూర్చున్నారు, కొందరు కన్జర్వేటివ్‌ల వైపు వెళ్లారు. 2019లో కౌన్సిల్‌లో ఒక్క సీటూ లేని కన్జర్వేటివ్‌లు 2023లో 17 గెలిచారు. ఆ ఫలితం చూసి కూడా నేను 2024లో దేశవ్యాప్త సర్వేలు నమ్మి, లేబర్ మూడు వేలతో బయటపడుతుందని ఫ్రెండ్‌తో పందెం కాశాను. ఆ దోసెల బిల్లు నేనే కట్టాను.

మతం ప్రశ్నకి నేరుగా వస్తాను. 2019కీ 2024కీ మధ్య దేశమంతటా కన్జర్వేటివ్ ఓటు 43.6 శాతం నుంచి 23.7కి పడిపోయింది, దాదాపు ఇరవై పాయింట్లు. లెస్టర్ ఈస్ట్‌లో 38.6 నుంచి 31.1కి, ఏడున్నర పాయింట్లు. అంతటి ఎదురుగాలిలో అంత నిలబెట్టుకోవడం మామూలు విషయం కాదు. 2019లో వచ్చిన గుజరాతీ హిందూ ఓటు చాలావరకు నిలిచిందని అర్థం. రిషి సునాక్ ప్రధానిగా ఉండటం కొంత కలిసొచ్చింది. శివానీ రాజా అభ్యర్థి కావడం ఇంకొంత: లెస్టర్‌లో పుట్టి, ఇక్కడి డి మాంట్‌ఫోర్ట్ యూనివర్సిటీలో చదివిన 29 ఏళ్ల అమ్మాయి. ఎదురుగా ఉన్న అగర్వాల్ మొన్నటిదాకా లండన్ డిప్యూటీ మేయర్. "మన పిల్ల" అనే మాట షాపుల్లో చాలాసార్లు విన్నాను. గెలిచాక ఆవిడ భగవద్గీత మీద ప్రమాణం చేయడం ఇండియాలో వైరల్ అయింది, అందుకే అక్కడివాళ్లకి ఈ కథంతా మతంగా కనిపిస్తుంది.

కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. 31 శాతం అంటే నూటికి 69 మంది ఆవిడకి వేయలేదు. వాళ్లలో హిందువులు బోలెడుమంది. అగర్వాల్ ఇండోర్‌లో పుట్టిన హిందువే. గాలి మళ్లితే ఆ 31 చాలదు. అలాగని లేబర్ ఒక్క పేరు మీదకి వస్తే చాలు, సీటు తిరిగొస్తుందనీ నేననను. 1987లో వాళ్లకి ఇంటింటికీ తిరిగే సైన్యం ఉండేది, ఇప్పుడు లేదు. ఈసారి పందెం కాయను.

డిపాజిట్ సంగతి కూడా చెప్పాలి, మనవాళ్లు తప్పక అడుగుతారు. ఇక్కడ డిపాజిట్ 500 పౌండ్లు, 5 శాతం ఓట్లొస్తే వెనక్కిస్తారు. 7.9 శాతంతో వాజ్‌కి, 11.8తో వెబ్‌కి దక్కింది. మన దేశపు ఆరో వంతు రూల్ ఉంటే ఇద్దరికీ, లిబ్‌డెమ్ అభ్యర్థికీ కూడా గల్లంతయ్యేది.

ఇక మీ ఓటు. భారత పౌరులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి, చెల్లే వీసా మీద ఇక్కడ ఉంటూ 18 నిండితే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. స్టూడెంట్ వీసా అయినా సరే. చాలామంది తెలుగు పిల్లలకి ఇది తెలియదు, కౌన్సిల్ నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఏదో బిల్లనుకుని పక్కన పడేస్తారు. ఓటరుగా నమోదవడం ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. మీ సీటు ఈస్టా సౌతా అన్నది మీ ఫ్లాట్ పిన్‌కోడ్‌ని బట్టి ఉంటుంది, కాలేజీని బట్టి కాదు. పోలింగ్‌కి ఫోటో ఐడీ కావాలి. మన పాస్‌పోర్ట్ చెల్లుతుంది, యూనివర్సిటీ కార్డు చెల్లదు. 2024లో నా టేబుల్ దగ్గరికి కాలేజీ కార్డు పట్టుకుని వచ్చిన ఇద్దరు పిల్లల్ని నేనే వెనక్కి పంపాల్సి వచ్చింది. ఒకడు పరుగెత్తి వెళ్లి పది గంటలకి మూసేలోపు పాస్‌పోర్ట్ తెచ్చుకున్నాడు. రెండోవాడు రాలేదు.